ఆకు ఇస్తా, కొమ్మ ఇయ్య

మా కాలనీ తోటను చూడటానికి ఈమధ్య బయటి కాలనీల వాళ్లు కూడా వస్తున్నారు. ఎల్బీనగర్‌లో మెట్రో దిగి, ఆటో మాట్లాడుకుని, ఫోన్లు పట్టుకుని వస్తారు. ఇంత మంచి ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని నన్ను అడుగుతారు. చెట్ల మీద ప్రేమ అనో, పిల్లలకు మందుల్లేని కూరగాయలు పెట్టాలనో నేను చెబుతానని ఎదురుచూస్తారు. వాళ్ల మొహం చూసి అలాంటివే నాలుగు మాటలు చెప్పి పంపిస్తాను. అసలు సంగతి వేరు. ఆ తోట నా కోపంలోంచి మొలిచింది. ఒకే ఒక మనిషి మీద కోపం. అది ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని నాకూ లేదు.

నేను బ్లౌజులు కుడతాను. వనస్థలిపురం వైపు లోపలికి ఉండే పాత కాలనీ మాది, చిన్న ఇల్లు, ముందు గదే నా షాపు. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. మేము ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో అమ్మ నల్గొండ దగ్గర మా ఊరి నుంచి ఒక మునగ కొమ్మ తెచ్చింది. తడి గోనెగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చింది. కండక్టర్ లగేజీ టికెట్ తీసుకోమంటే "ఒళ్లె పిల్లకు గూడ టికెట్ కొడతవా" అని దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆయనతో కొట్లాడుతూనే వచ్చిందట. మునగకు విత్తనంతో పని లేదు. కొమ్మ నరికి తడి మట్టిలో పెడితే చాలు, బతుకుతుంది. అమ్మ దాన్ని మా ప్రహరీ బయట, రోడ్డు అంచున పాతింది.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికే వచ్చేసింది. అప్పటికి చెట్టు మేడ ఎత్తు లేచింది. మునగాకు పప్పు, మునగాకు వేపుడు, కాయలు వస్తే చారు. ఇంట్లో ఏమీ లేని రోజున అమ్మ బయటికి వెళ్లి ఒక రెమ్మ వంచేది. "చెట్టు ఉన్నంక కూరకు కరువేంది బిడ్డా" అనేది. వీధిలో ఎవరు అడిగినా కోసి ఇచ్చేది. అడగకుండా కోస్తే మాత్రం తిట్టేది.

మా ఎదురింటాయన కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. పోటీకి ఎవరూ నిలబడరు కాబట్టి ప్రతిసారీ ఆయనే. మంచి ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, ఒక తెల్ల కారు కొన్నాడు. తన గేటు ముందు ఎండ కొడుతుందని ఆ కారును తెచ్చి మా మునగ కింద పెట్టేవాడు. మునగకు అప్పుడప్పుడూ గొంగళి పురుగులు పడతాయి. అమ్మ పొడుగు కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలు ముంచి, మంటతో కాల్చేది. అయినా కొన్ని కారు మీద రాలేవి.

"ఏందమ్మా, కారంత పురుగులే. జర చూసుకోవాలె గద" అన్నాడు ఒక రోజు షాపు ముందు నిలబడి.

"కారు జర అటు జరుపుకోండ్రి సార్" అన్నాను.

"రోడ్డు అందరిదమ్మా."

"నీడ గూడ అందరిదే సార్. మేమేమన్న వద్దన్నమా?"

ఆయన కారు తాళాలు ఆడించుకుంటూ వెళ్లిపోయాడు. మాటలో నేనే గెలిచానని ఆ రోజంతా సంబరపడ్డాను. నీడ కావాలి గానీ చెట్టు వద్దు అనే మనిషితో గెలవడం అంత తేలిక కాదని అప్పుడు నాకు తెలియలేదు.

ఆ ఎండాకాలం చివర్లో అమ్మకు ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది. దవాఖానలో చేర్చాం. నేనూ మా ఆయనా ఒకరి తర్వాత ఒకరం అక్కడే ఉన్నాం. ఇంటికి తాళం. కొన్ని రోజులకు కాస్త తేరుకుంది, డాక్టర్లు ఆకుకూరలు బాగా పెట్టమని చెప్పి పంపించారు. ఆటోలో వస్తూ మూసారాంబాగ్ దాటకముందే అమ్మ మొదలుపెట్టింది, ఇంటికి పోగానే మునగాకు పప్పు చెయ్యమని. వీధి మలుపు తిరిగేసరికి మా గోడ మీద తెల్లగా ఎండ పడుతోంది. ఆ గోడ మీద అంత ఎండను నేను ఎన్నడూ చూడలేదు.

"చెట్టేది బిడ్డా?" అంది అమ్మ.

మొదలు మాత్రం ఉంది. నున్నగా కోసేశారు. చుట్టూ రంపపు పొట్టు.

నేను సంచులు కూడా దించకుండా ఎదురింటికి వెళ్లాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. "కరెంటు తీగెలకు తగుల్తున్నదని కాలనీ తరఫున కొట్టిచ్చిన. మీరు లేరు గద, ఎవల్ని అడగాలె?" అన్నాడు. మా వీధిలో కరెంటు తీగలు ఆయన ఇంటి వైపు ఉంటాయి. ఆ మాట చెబితే మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

రైతుబజార్‌కు పోయి మునగాకు తెచ్చి పప్పు చేశాను. అమ్మ ఒక ముద్ద తిని పళ్లెం పక్కకు జరిపింది. "మనది గాదు" అంది. తర్వాత నేను ఎంత బతిమాలినా ఆ పప్పు ముట్టలేదు. వానలు బాగా పడుతున్న రోజుల్లో పోయింది. చెట్టు ఉంటే బతికేదని నేను అనను, నాకు అంత పిచ్చి లేదు. కానీ చివరి రోజుల్లో ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే, అది మా గుమ్మం ముందు ఉండాల్సింది, లేదు. ఆయన సమాధుల తోటకు కూడా వచ్చాడు. "పెద్దమ్మ మంచి మనిషి. ధైర్యంగ ఉండు" అన్నాడు. ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు క్షమాపణ గురించి ఎత్తుకున్నప్పుడల్లా నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చునేదాన్ని. అందరినీ క్షమించాను, అప్పు ఎగ్గొట్టిన మరిదిని కూడా. ఈయన్ని మాత్రం పక్కన పెట్టుకున్నాను.

మా కాలనీలో పార్కుకని వదిలిన ఖాళీ జాగా ఒకటి ఉంది, సరిగ్గా ఆయన ఇంటి గోడను ఆనుకుని. పేరుకే పార్కు. ఇళ్లు కట్టిన వాళ్లు పోసిన ఇటుక ముక్కల మలబా, పగిలిన కమోడ్లు, పిచ్చి తుమ్మ. అందరిలాగే నేనూ గుడ్డ పేలికలు అక్కడే పారేసేదాన్ని. అమ్మ పోయిన తర్వాత ఒక రోజు సంచి పట్టుకుని పోయాను. ఆ గోడ పక్కన, చెత్త మీద లేత ఆకుపచ్చ. దగ్గరికి పోయి చూస్తే మునగ చిగురు. మా చెట్టు కొమ్మలే. కొట్టించి, ఆటోకు కిరాయి దండగని తన గోడ పక్కనే పారేయించాడు. వానలకు ముందు మునగ కొమ్మ మట్టి మీద పారేస్తే అది పారేసినట్టు కాదు, నాటినట్టు. మా వైపు ఊళ్లలో పుట్టిన ఎవరికైనా తెలిసే ముచ్చట. ఆయనదీ నల్గొండే. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని అది మరిచిపోయాడు. నేను ఆ బురదలో కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక నవ్వొచ్చింది.

ఆ జాగాలో కార్లకు రేకుల షెడ్డు వేయించాలని ఆయన చూస్తున్నట్టు నాకు వాళ్లావిడే చెప్పింది, బ్లౌజు కొలతలు ఇస్తూ. షెడ్డు పడితే ముందు పోయేది ఆ చిగురే. రెండోసారి నా చెట్టు మీద రంపం పడనివ్వదలుచుకోలేదు. ఒక్క చెట్టయితే పురుగులనో తీగలనో మళ్లీ కొట్టిస్తాడు. అడవి అయితే ఎట్లా కొట్టిస్తాడో చూద్దామనుకున్నాను.

ఈ వీధుల్లో ఆడవాళ్లందరి కొలతలూ నా దగ్గరే ఉంటాయి. టేపు చుట్టేటప్పుడు చేతులెత్తి నిలబడిన మనిషి దేనికీ కాదనదు, ఇది నా అనుభవం. చంక కొలత తీస్తూ కరివేపాకు కట్ట ధర గురించి మాట్లాడాను. నడుము కొలత తీస్తూ మోకాళ్ల నొప్పులకు నడవడానికి చోటు లేకపోవడం గురించి. రెండు ఇళ్ల అవతల ఉండే గుంటూరు ఆంటీ అందరికంటే ముందు ఒప్పుకుంది. ఆమెకు ఏ పనైనా రేపటికి వాయిదా వేయడం చేతకాదు.

"అంతా బానే ఉంది గానీ, ఆ ప్రెసిడెంటు గారు ఒప్పుకోవాలి కదమ్మా" అంది.

"ఒప్పుకోడు ఆంటీ."

"ఆయన పేరు పెడతామని చెప్పు. పాలరాతి మీద చెక్కిస్తామని చెప్పు. ఎగిరి గంతేస్తాడు."

మునగ చెట్టు కొట్టించిన వాణ్ని మునగ చెట్టు ఎక్కించాలన్న మాట. మీటింగులో నేను లేచి, సార్ ముందుచూపు లేకపోతే ఈ కాలనీ ఇట్లా ఉండేదా అని మొదలుపెట్టాను. నా నోటికి ఆ మాటలు వేపాకు నమిలినంత చేదుగా ఉన్నాయి. ఆయన మెడ కొంచెం కొంచెంగా నిటారుగా అయింది. షెడ్డు మాట ఆయనే మరిచిపోయాడు. రాయి మీద అక్షరాలు ఎంత సైజు ఉండాలో మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాడు.

ఇక తోట గీయడం. నాకు వచ్చిన పని కత్తిరించడమే కాబట్టి అదే పద్ధతిలో చేశాను. పాత పేపర్లు అతికించి, కటింగ్ టేబుల్ మీద పరిచి, చాక్‌పీసుతో గీశాను. అడవిలో చెట్లు ఒకదాని మీద ఒకటి ఎట్లా సర్దుకుంటాయో ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. అన్నిటికంటే పైన నేరేడు, పనస. వాటి కింద ఉసిరి, జామ, సీతాఫలం, నిమ్మ. వాటి కింద కరివేపాకు, గోంగూర. నేల మీద పుదీనా, పొన్నగంటి, చిలగడదుంప. నేల లోపల అల్లం, పసుపు. మిగిలింది తీగలు. చుట్టూ నడవడానికి దారి, దారి పక్కన తులసి, నిమ్మగడ్డి, నీడ పడే చోట పెద్దవాళ్లు కూర్చోవడానికి రెండు బల్లలు. చూసిన వాళ్లందరూ బాగుందన్నారు.

వాళ్లకు తెలియనిది ఏమిటంటే, ప్రతి గీతా ఆయన ఇంటి వైపు నుంచే మొదలైంది. నేరేళ్లు వరుసగా ఆయన గోడ వెంబడి పెట్టాను, మునగ పోయాక ఆయన కారు పెట్టేది ఆ గోడ అవతలే. నేరేడు పండు మరక బట్టకు పడితే పోదు, తెల్ల కారు మీద ఎట్లా ఉంటుందో చూడాలని. ఆయన స్నానాల గది నీళ్లు బయటికొచ్చే చోట అరటి వేశాను, దోమలు ఆయన ఇంట్లోకే చేరాలని. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక పాల డెయిరీ నుంచి పేడ, మూత్రం తెప్పించి, బెల్లం, శనగపిండి కలిపి చెట్లకు పోసే జీవామృతం పులియబెట్టే డ్రమ్ములు పెట్టాలి. అవి ఆయన పడకగది కిటికీ కింద పెట్టాను. అక్కడైతే నీడ ఉంటుంది, పులిసే నీళ్లకు ఎండ తగలకూడదు కదా అని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు. ఇక తీగలకు ఒక ఆధారం కావాలి. నిలువుగా, గట్టిగా, ఎండ బాగా తగిలే చోట ఉన్నది ఒక్కటే, ఆయన పేరు చెక్కిన రాయి. దాని మొదట్లో దొండ పాదు పెట్టాను.

దొండ తీగ మూడు అక్షరాలు మింగేశాక ఆయన వచ్చాడు. "పేరు కనబడ్తలేదమ్మా. తీగె జర తీసేయిండ్రి."

"పిందెలున్నయ్ సార్. పిందెలున్న తీగె ఎట్ల తెంపుతం? పాపం తగుల్తది. కాయలు అయిపోంగనే తీస్తం."

దొండ పాదుకు ఏడాది పొడుగునా పిందెలు ఉంటాయి. ఇప్పటికీ ఆ రాయి మీద ఏం రాసుందో కొత్తగా వచ్చిన వాళ్లకు తెలియదు.

అన్నీ నేను అనుకున్నట్టే జరగలేదు. నేరేళ్లు అంటు మొక్కలు, తొందరగానే లేచాయి. నేను ఆయన ఇంటికి పడమర వైపున పెట్టానన్న సంగతి పెట్టేటప్పుడు ఆలోచించలేదు. సాయంత్రం ఎండ ఆ గోడకు తగలడం మానేసింది. ఒక ఎండాకాలం వాళ్లావిడ ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చి, "మీ చెట్ల పుణ్యమాని ఈసారి ఏసీ వేసుడే తక్కువైందమ్మా. సారు పగటిపూట మంచిగ పండుకుంటున్నడు" అంది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. పైగా పండ్లు రాలే కాలానికి ఆయన కారు అమ్మేశాడు, కళ్లు సరిగా కనబడటం లేదని. పగ పడితే పాముకైనా ఫలితం ఉంటుంది గానీ, నేను ఎండలో నిలబడి నీళ్లు పోసి నా శత్రువుకు నీడ పెంచాను. నరికేద్దామా అంటే, నరికితే నాకూ ఆయనకూ తేడా ఏముంది? ఆ చెట్లను చూసి పళ్లు నూరుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

తోట మాత్రం తోటలాగే పెరిగింది, నా కడుపుమంటతో దానికి పని లేదు. ఇంటికో చెట్టు చొప్పున పంచుకున్నాం. ఏ ఇంటి వాళ్లు నీళ్లు పోస్తారో ఆ చెట్టు ఆకైనా కాయైనా కోయాలంటే ఆ ఇంటి వాళ్లను అడగాలి. అడిగితే లేదనకూడదు. ఈ పద్ధతి నేనే పెట్టించాను, మా అమ్మ పద్ధతి. కార్తీకంలో అందరూ ఉసిరి కింద వనభోజనాలు పెట్టుకుంటారు, నేనూ డబ్బా పట్టుకుని పోతాను. క్రిస్మస్‌కు అదే చోట నేను కేకు పంచుతాను. మోకాళ్లు పట్టేసిన వాళ్లు చేతికర్ర వదిలేయకపోయినా, దారి వెంబడి నడుస్తూ కోడళ్ల మీద చెప్పుకుని తేలికపడుతున్నారు. చెట్లు పంచుకునేటప్పుడు మునగను నేను తీసుకున్నాను. గోడ పక్కన మొలిచిన ఆ కొమ్మ ఇప్పుడు ఆయన డాబా ఎత్తు దాటింది.

పోయిన ఏడాది వాళ్లావిడ కూతురి కాన్పుకని సూర్యాపేట వెళ్లింది. ఒక పొద్దున ఆయన నా షాపు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్. మనిషి పాలిపోయి ఉన్నాడు, మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు.

"డాక్టర్ రక్తం తక్కువున్నదన్నడమ్మా. మునగాకు తినమంటున్నరు అందరు. జర ఇస్తవా?"

నేను ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన ఘడియ అది. మిషన్ ఆపలేదు. బ్లౌజు చేతికి కుట్టు పూర్తయ్యేదాకా ఆయన్ని అక్కడే నిలబెట్టాను. తర్వాత లేచి తోటలోకి నడిచాను, ఆయన నా వెనకాలే వచ్చాడు. చెట్టు కింద నిలబడి పైకి చూసి, "మంచి జాతి చెట్టమ్మా. ఏ నర్సరీల తెచ్చినవ్?" అన్నాడు.

"మీరే నాటిన్రు సార్."

ఆయన మొహం వెలిగింది. "గదే చెప్తున్న అందరికి. గీ తోటంత నా హయాంలనే అయింది" అన్నాడు.

నా పొగడ్తలకు ఎంత అలవాటు పడ్డాడంటే, ఎత్తిపొడిచినా పొగిడినట్టే వినబడుతోంది. ఇక చుట్టు తిప్పి చెప్పదలుచుకోలేదు.

"మా అమ్మ దవాఖానల ఉన్నప్పుడు మా గోడకాడి మునగ చెట్టు కొట్టిచ్చిన్రు సార్. కొమ్మలు తెచ్చి ఈడ పారేయిచ్చిన్రు. గా కొమ్మనే ఇది. మా అమ్మకు గూడ రక్తమే తక్కువుండె. ఇంటికి ఒచ్చి ఆకు అడిగింది. నా దగ్గర లేకుండె."

ఆయన కవర్ మడత విప్పాడు. పోట్లాడతాడేమోనని చూశాను, పోట్లాటకు నేను సిద్ధం. తప్పయిందంటాడేమోనని చూశాను, దానికీ ఒక జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది.

"నాకు యాదికి లేదమ్మా" అన్నాడు.

అబద్ధం కాదు. ఆ కళ్లలో నిజంగానే ఏమీ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు నేను నీళ్లు పోసి, పేడ మోసి, పాదులు పెట్టి పెంచుకున్న ఆ రోజు ఆయన దగ్గర మచ్చుకైనా లేదు. చెట్టు కొట్టించినందుకు కంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఆకు తెంపి కవర్‌లో వేశాను. అడిగితే లేదనకూడదని పద్ధతి పెట్టింది నేనే. ఆయన పోబోయి ఆగాడు.

"ఒక కొమ్మ గూడ కొట్టియ్యమ్మా. నా గేటు ముందర పెట్టుకుంట. మాటిమాటికి నిన్ను పరేషాన్ చేసుడు ఎందుకు?"

"ఆకు ఇస్తా. కొమ్మ ఇయ్య."

కొమ్మ ఇస్తే ఆయన గేటు ముందు ఒక చెట్టవుతుంది. దాని ఆకు తింటాడు, దాని నీడలో కూర్చుంటాడు, మళ్లీ మరిచిపోతాడు. అది జరగనివ్వను. ఆకు కోయించుకుపోయిన ప్రతిసారీ ఆయనకు గుర్తు రావాలి.

వాళ్లావిడ సూర్యాపేట నుంచి తిరిగొచ్చాక ఆమె కవర్ పట్టుకుని వచ్చింది. "సార్‌నే పంపండ్రి వదినా, నడిస్తె మంచిది" అన్నాను. ఆమె నా మొహం చూసింది. ఆమెకు యాదికి ఉంది. తిరిగి వెళ్లి ఆయన్నే పంపింది. గుంటూరు ఆంటీకి మాత్రం ఇది నచ్చలేదు. "ఇంక చాల్లేమ్మా, పెద్దాయన. ఎన్నాళ్లిలా?" అంటుంది. నాకు ఇంకా చాలలేదు.

ఇప్పుడు వారం వారం ఆయన వస్తాడు. మనిషి కొంచెం తేరుకున్నాడు, గోడ పట్టుకోకుండానే మెట్టు ఎక్కుతున్నాడు. షాపులో కొలతలు ఇచ్చేవాళ్లు ఎవరున్నా సరే, ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి ఒకటే అడుగుతాను.

"ఎవల చెట్టు సార్ అది?"

మొదటిసారి అడిగినప్పుడు కాలనీది అన్నాడు. నేను మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాను. చాలాసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు నిలబడాల్సిన పని లేదు. అడగ్గానే చెప్తాడు.

"మీ అమ్మది."

అప్పుడు లేచి వెళ్లి ఆకు తెంపి ఇస్తాను.